మన పిల్లాడు అక్కడ... వాళ్ల పిల్లాడు ఇక్కడ!

ఊరు కాని ఊరు. భాష కాని భాష. ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో రెండు మూడు వారాలు మన పిల్లలుంటారు. కొన్నాళ్లకు ఆ ఇంటి పిల్లలొచ్చి మన ఇంట్లో ఉంటారు. దీన్నే 'స్టూడెంట్ ఎక్స్ఛేంజ్' అంటారు. జర్మన్ నేర్పే బళ్లలో పిల్లలంతా ఎదురుచూసే ప్రయాణమిది. దాని వెనక ఉండేది మాత్రం రెండు దేశాల్లోని ఇద్దరు టీచర్ల ఏడాది శ్రమ!

హైదరాబాద్‌లో రాత్రి ఒంటిగంటన్నర. జర్మనీలో అప్పటికి పదే అయింది. పిల్లల్ని తీసుకెళ్లిన టీచరమ్మ ఫోను మోగింది.

''మేడమ్, మావాడు ఏడుస్తున్నాడండీ. రాత్రికి అన్నం సంగతి దేవుడెరుగు, వేడిగా ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదట. నాలుగు రొట్టెముక్కలు, చీజు, కీరా ముక్కలు బల్లమీద పెట్టి తినమన్నారట. ఆకలితోనే పడుకున్నాడు...'' అవతల ఓ తల్లి గొంతు.

''అమ్మా, వాళ్లింట్లో అందరూ రాత్రిపూట తినేది అదేనండీ. మీవాడికి తక్కువ చేసి పెట్టిందేం లేదు. పొద్దున్నే నేను మాట్లాడతాను. మీరు నిశ్చింతగా పడుకోండి.''

ఎక్స్ఛేంజికి పిల్లల్ని తీసుకెళ్లే టీచర్లకు ఇలాంటి ఫోన్లు కొత్తేం కాదు. జర్మనీలో చాలా ఇళ్లలో వేడి భోజనం మధ్యాహ్నమే. రాత్రికి 'ఆబెంట్‌బ్రోట్'. అంటే 'సాయంత్రపు రొట్టె'. ఇంటిల్లిపాదీ ఆ రొట్టె చుట్టూ కూర్చుని ఆ రోజు కబుర్లన్నీ చెప్పుకుంటారు. పాఠంలో ఈ మాట చదివి, పరీక్షలో దానికి మార్కులు తెచ్చుకున్న పిల్లాడే నిజంగా ఎదురయ్యేసరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పుస్తకంలో భాషకీ, ఇంట్లో భాషకీ ఉన్న తేడా అదే. ఆ తేడా తెలియడానికే ఈ ప్రయాణం.

శత్రువుల ఇళ్లకు అతిథులుగా...

పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లడం వేరు, ఎక్స్ఛేంజ్ వేరు. ఇందులో హోటళ్లుండవు. అక్కడి పిల్లలతోపాటు వాళ్లింట్లోనే ఉండాలి. వాళ్లతోపాటే బడికెళ్లాలి. వాళ్లు సైకిలెక్కితే సైకిలు, బస్సెక్కితే బస్సు. బదులుగా వాళ్లొచ్చినప్పుడు మనమూ అలాగే చూసుకోవాలి. తిండికీ పడకకీ ఎవరూ ఎవరికీ డబ్బివ్వరు. ఒకరి బిడ్డను ఒకరు చూసుకోవడమే ఇందులో ఇచ్చిపుచ్చుకోవడం.

జర్మన్లు ఈ మార్పిడిని ఇంత పట్టుదలగా నడపడానికి ఓ కారణముంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఇరుగుపొరుగు దేశాల్లో జర్మనీని నమ్మేవాళ్లు లేరు. పోయిన నమ్మకాన్ని పిల్లల నుంచే మొదలుపెట్టి తిరిగి కూడగట్టుకున్నారు. విద్యార్థులు, టీచర్ల మార్పిడి వ్యవహారాలు చూసేందుకు 1952లోనే ఓ ప్రభుత్వ విభాగం ఏర్పడింది. 1963 జనవరి 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్, జర్మన్ ఛాన్సలర్ అడెనావర్ ఎలీజె ఒప్పందంపై సంతకాలు చేశారు. దాని ఫలితంగా అదే ఏడాది ఉమ్మడి యువజన సంస్థ పుట్టింది. అప్పట్నుంచి ఆ సంస్థ కార్యక్రమాల్లో పాల్గొన్న యువత 90 లక్షలకు పైనే! మూడు తరాలు యుద్ధం చేసుకున్న రెండు దేశాల పిల్లలు ఒకరింట్లో ఒకరు తిని పెరిగారన్నమాట. 1972లో అమెరికా బళ్లతోనూ ఇలాంటి కార్యక్రమమే మొదలైంది.

మన దేశం సంగతికొస్తే, జర్మన్ విదేశాంగశాఖ 2008లో 'పాష్' అనే పథకం మొదలుపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా జర్మన్ నేర్పే దాదాపు 2,000 బళ్లు ఇందులో ఉన్నాయి. వాటిలో భారతీయ పాఠశాలలూ ఉన్నాయి. 2011లో కేంద్రీయ విద్యాలయాలు గోథె ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం చేసుకుని ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకూ జర్మన్‌ను మూడో భాషగా చదువుకునే వీలు కల్పించాయి. 2014లో ఆ ఏర్పాటు రద్దయింది. చదువుల మధ్యలో పిల్లలు సంస్కృతానికి మారాల్సొచ్చింది. ఆ నవంబరులో బ్రిస్బేన్ జి-20 సదస్సులో ఛాన్సలర్ మెర్కెల్ ఈ సంగతిని ప్రధాని మోదీ దగ్గర ప్రస్తావించారంటే దాని ప్రాధాన్యం అర్థమవుతుంది. తర్వాత జర్మన్‌ను అదనపు భాషగా చదువుకునే వీలుంచారు. ఇలా ఒక్క ఉత్తర్వుతో అటూ ఇటూ అయ్యే భాష, బడిలో నిలబడాలంటే పిల్లలకు దానిమీద ఇష్టం కలగాలి. ఆ ఇష్టాన్ని తెచ్చే మంత్రం ఎక్స్ఛేంజ్ అంటారు టీచర్లు.

ముందు కావాల్సింది... మరో టీచరు!

ఎక్స్ఛేంజ్ మొదలయ్యేది విమానం టిక్కెట్టుతో కాదు, ఓ ఉత్తరంతో. జర్మనీలో ఏదో ఊళ్లో ఇదే పిచ్చి ఉన్న మరో టీచరు దొరకాలి. గోథె ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలు దారి చూపిస్తాయి. హైదరాబాద్‌లోని గోథె సెంట్రుమ్, జర్మన్ బోధించే ఇఫ్లూ లాంటి చోట్ల పరిచయాలూ పనికొస్తాయి. ఒకసారి జత కుదిరాక ఇద్దరు టీచర్లూ వీడియో కాల్స్‌లో గంటలకొద్దీ మాట్లాడుకోవాలి. పిల్లలు కలిసి చేసే ప్రాజెక్టు ఏమిటి? నీళ్లా, చెత్తా, వాతావరణమా? ఎంతమంది? ఏ తరగతి? పిల్లాడికి జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారు? అన్నీ ముందే తేలాలి.

అసలు చిక్కు క్యాలెండరుతో వస్తుంది. పదో తరగతి పిల్లలకు బోర్డు పరీక్షలు. కాబట్టి ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లే వెళ్తారు. మన వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో అక్కడ బళ్లు నడుస్తుంటాయి. బాగానే ఉంది కదా అనుకుంటే పొరపాటే. జర్మనీలో 16 రాష్ట్రాలు. సెలవులు ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటాయి. బవేరియా లాంటి చోట మే నెలాఖరులోనో, జూన్‌లోనో రెండు వారాలు సెలవులొస్తాయి. అది చూసుకోకుండా టిక్కెట్లు కొంటే పిల్లలు తాళం వేసిన బడి ముందు దిగుతారు!

వాళ్లు రావడానికి అనువైన కాలం అక్టోబరు. అక్కడ శరదృతువు సెలవులు, ఇక్కడ దసరా. కానీ దసరాకి మన బళ్లకూ సెలవులే. అతిథులు బడి చూడాలి, పండగా చూడాలి. అందుకే పండక్కి నాలుగు రోజుల ముందొచ్చేలా చూస్తారు. ఆ నాలుగు రోజుల కోసం అక్కడి టీచరు తన హెడ్మాస్టరును ఒప్పించాలి.

జాతకాలు కలపడమే!

తేదీలు కుదిరాక జోడీల పని. ఏ పిల్లను ఏ ఇంటికి పంపాలి? ఇద్దరు టీచర్లూ పిల్లల చేత పత్రాలు నింపిస్తారు. శాకాహారా? ఏదైనా తింటే పడదా? మందులేమైనా వాడుతున్నారా? అన్నదమ్ములెందరు? ఆటలిష్టమా, పాటలిష్టమా? ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లున్నారా? చివరగా ముఖ్యమైన ప్రశ్న... కుక్కంటే భయమా?

నవ్వొస్తుంది గానీ ఇది చాలా పెద్ద సమస్య. అక్కడ చాలా ఇళ్లలో కుక్క సోఫామీదే కూర్చుంటుంది. కుక్కను చూస్తే ఆమడదూరం పరుగెత్తే అమ్మాయిని ఆ ఇంటికి పంపితే రెండు వారాలూ గదిలోంచి బయటికి రాదు. పెళ్లి సంబంధాలు చూసే పేరయ్యకు కూడా ఇన్ని లెక్కలుండవేమో. ఇంత చేసినా ఆఖరి నిమిషంలో ఏదో ఓ కుటుంబం తప్పుకుంటుంది. ఆ పిల్లకు ఇల్లెక్కడ? చాలాసార్లు టీచరు ఇల్లే!

''మా ఇల్లు చిన్నదండీ...''

తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల్ని పంపడం గురించి వంద ప్రశ్నలొస్తాయి. అతిథుల్ని ఉంచుకునే మాట రాగానే గది నిశ్శబ్దమైపోతుంది. ఎవరో ఒకరు వెనకవరసలోంచి మెల్లగా అంటారు. ''మాది రెండు గదుల ఇల్లండీ. ఏసీ కూడా లేదు. వాళ్లెక్కడ ఉండగలరు?''

టీచరుకు అసలు పరీక్ష ఇక్కడే. ఆ మాటలో ఉన్నది అయిష్టం కాదు, బిడియం. దాన్ని అలాగే వదిలేస్తే ఎక్స్ఛేంజ్ పెద్ద ఇళ్లవాళ్ల వ్యవహారమైపోతుంది. అనుభవమున్న టీచర్లు ఆ ఇళ్లకు స్వయంగా వెళ్తారు. చూసేవి మూడే. శుభ్రమైన పడక, లోపల గడియ పడే స్నానాలగది, పిల్లలు ఇంటికొచ్చేసరికి ఇంట్లో ఓ పెద్దమనిషి. ఈ మూడూ ఉంటే చాలు. సొంత గది, తలుపు మూసుకునే అలవాటు ఉన్న జర్మన్ పిల్లకు నాయనమ్మ పక్కన మంచం వేస్తే మొదటిరోజు ఇబ్బందే. నాలుగోరోజుకి ఆ నాయనమ్మ చేతనే తలకు నూనె పెట్టించుకుంటుంది.

విమానం ఖర్చు భరించలేని కుటుంబాల సంగతి ఇంకా కష్టం. క్లాసులో అందరికన్నా బాగా జర్మన్ మాట్లాడే పిల్లే ఒక్కోసారి వెళ్లలేకపోతుంది. అలాంటి పిల్లలకోసం కొందరు టీచర్లు ఓ దారి వెతుకుతారు. వెళ్లలేకపోయినా ఆతిథ్యమివ్వొచ్చు. జర్మనీ తన ఇంటికే వస్తుంది. పదిరోజులు తన గదిలోనే జర్మన్ వినిపిస్తుంది. ఆ అవకాశం ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా టీచరు చేతిలో ఉంటుంది. అడిగితే ఆ కుటుంబం నొచ్చుకుంటుందేమోనని వెనకాడే టీచర్లూ ఉన్నారు. అడగకపోతే ఆ పిల్ల నష్టపోతుంది.

మొహమాటపడితే పస్తే!

ప్రయాణానికి ముందు రెండు మూడు నెలలు శిక్షణ. వ్యాకరణం కన్నా ముందు నేర్పాల్సింది ఒకటుంది. మన ఇళ్లలో ఎవరైనా ''ఇంకొంచెం వేసుకో'' అంటే మొదటిసారి ''వద్దండీ'' అనాలి. రెండోసారీ అనాలి. మూడోసారి వడ్డిస్తే తినాలి. అది మర్యాద. జర్మనీలో ''నైన్, డాంకె'' అంటే వద్దు, థాంక్స్ అనే అర్థం. మళ్లీ అడగరు. గిన్నె లోపలికెళ్లిపోతుంది! బలవంతపెట్టకపోవడమే వాళ్ల మర్యాద మరి. అందుకే ''కావాలంటే మొదటిసారే 'యా, గెర్నె' అనండి'' అని క్లాసులో ఉత్తుత్తి భోజనాలు పెట్టి మరీ అలవాటు చేయిస్తారు.

కొన్ని విషయాల్లో మాత్రం తెలుగు పిల్లలకు పని సులువే. మనకు 'నువ్వు', 'మీరు' ఉన్నట్టే వాళ్లకు 'డూ', 'జీ' ఉన్నాయి. ఇంగ్లిషులో అన్నిటికీ 'యూ' ఒక్కటే. టీచర్లను 'జీ' అనాలి. స్నేహితుల్ని 'డూ' అనొచ్చు. ఇంటాయన 'డూ' అనమంటేనే ఆయన్ని అలా పిలవాలి. ఆ తేడా మన పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. 'నాకు జ్వరం ఉంది కాబట్టి' అన్నప్పుడు మన క్రియ వెనక్కి వెళ్లినట్టే, జర్మన్‌లో 'వైల్' తో మొదలయ్యే వాక్యంలోనూ క్రియ చివరికెళ్తుంది. ''వైల్ ఇష్ ఫీబర్ హాబె.'' మాటకు మాట చూస్తే 'ఎందుకంటే నేను జ్వరం కలిగిఉన్నాను'. మన సమాసాల్లాగే పదాల్ని అతికించేస్తారు కూడా. చేతికి తొడుక్కునే గ్లవ్‌ని 'హాంట్‌షూ' అంటారు. చేతిచెప్పు!

అసలు ప్రమాదం ఇంగ్లిషుతోనే. అక్కడి పిల్లలూ ఇంగ్లిషు సాధన చేయాలనే చూస్తారు. మనవాళ్లకూ అదే తేలిక. చూస్తుండగానే రెండు వారాలు ఇంగ్లిషులో గడిచిపోతాయి. అందుకే ఇద్దరు టీచర్లూ ముందే ఓ ఒప్పందానికొస్తారు. బడికెళ్లే దారిలో ఇంగ్లిషు, రాత్రి బల్ల దగ్గర జర్మన్.

మూడోరోజు గండం

మొదటి రెండు రోజులూ అంతా వింతే. కుళాయి నీళ్లే తాగేస్తారు. ఆదివారం దుకాణాలన్నీ మూత. కాగితాలకో డబ్బా, ప్యాకింగ్ చెత్తకో డబ్బా, తొక్కలకో డబ్బా. ఖాళీ ప్లాస్టిక్ సీసాను సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయి. మార్కులు మరీ విచిత్రం. 1 వస్తే అందరికన్నా గొప్ప. 6 వస్తే తప్పినట్టు! క్లాసులో నోరువిప్పి మాట్లాడినందుకూ మార్కులుంటాయి. అడిగితే తప్ప మాట్లాడని మన పిల్లలు మొదట బిక్కచచ్చిపోతారు.

మూడోరోజు రాత్రికి వింతలు పాతబడతాయి. అప్పుడు మొదలవుతుంది బెంగ. జర్మన్‌లో దాన్ని 'హైమ్‌వే' అంటారు. విడగొడితే 'ఇంటి నొప్పి'. ఒకప్పుడు ఆ నొప్పిని పిల్లలు ఉత్తరాల్లో రాసుకునేవారు. అది ఇల్లు చేరేసరికి బెంగ తీరిపోయేది. ఇప్పుడు జేబులోనే వీడియో కాల్ ఉంది. పిల్లాడి ఒళ్లు జర్మనీలో, మనసు వంటింట్లో. కన్నీళ్లు చూసిన అమ్మకు అక్కడ నిద్రపట్టదు. అందుకే రోజుకోసారి, అదీ నిర్ణీత వేళలో మాత్రమే ఇంటికి ఫోను అన్న నియమం పెడతారు. వినడానికి కఠినంగా ఉన్నా దానివల్లే పిల్లాడు ఫోను పక్కనపెట్టి ఆ ఇంటి బల్ల దగ్గరికొస్తాడు.

టీచరుకు మాత్రం నిద్రుండదు. ఎవరికి ఒళ్లు వెచ్చబడింది? ఎవరు బస్సు తప్పారు? మందు విషయంలో మరో చిక్కు. జర్మనీలో 16 ఏళ్లు నిండితే బీరు, వైన్ కొనుక్కోవడం చట్టబద్ధమే. అక్కడి స్నేహితులు తాగుతుంటే మనవాళ్లకెందుకు వద్దు? ''ఆ దేశంలో చట్టం ఏదైనా మన బృందానికి మన నియమమే'' అని కాగితం మీద రాసి, తల్లిదండ్రుల సంతకం తీసుకుంటేనే టీచరు ధైర్యంగా ఉండగలరు.

రెండోవారానికి మార్పొస్తుంది. ఓ రాత్రి బల్ల దగ్గర పిల్లాడు నోరు తెరుస్తాడు. ఆర్టికల్ తప్పు, విభక్తి తప్పు. కానీ చెప్పిన జోకుకి ఇంటివాళ్లంతా నవ్వుతారు. ఆ నవ్వు విన్నాక భయం పోతుంది. ఆ తర్వాత వ్యాకరణం తనంతట తనే అడిగి నేర్చుకుంటాడు.

ఇప్పుడు వాళ్ల వంతు

అక్టోబరు వచ్చింది. అర్ధరాత్రి ఫోను చేసిన ఆ తల్లి ఇంటికే జర్మన్ అబ్బాయి వచ్చాడు. వీధిలో బతుకమ్మ పాటలు. ఇంట్లో పిండివంటల వాసన. చుట్టాల రాకపోకలు. అబ్బాయి గుమ్మం దగ్గరే బూట్లు విప్పేశాడు. జర్మనీలో తన ఇంట్లోనూ అంతే. ఆవిడకు అదెంతో నచ్చింది.

నాలుగోరోజు సాయంత్రం టీచరమ్మ ఫోను మళ్లీ మోగింది. ఈసారి జర్మనీ నుంచి. అవతల ఓ తల్లి గొంతు. మావాడు 'నైన్, డాంకె' అన్నా వినిపించుకోవట్లేదట, రోజుకి ఐదుసార్లు పెడుతున్నారట, చేత్తో తినడం రాక ఇబ్బంది పడుతున్నాడట, ఒక్కడే కూర్చుందామంటే ఎవరో ఒకరు పక్కన చేరుతున్నారట. అంతా క్షేమమేనా?

''వాళ్లింట్లో అందర్నీ అలాగే చూసుకుంటారండీ. మీవాడికి ప్రత్యేకంగా చేస్తున్నదేం లేదు. మీరు నిశ్చింతగా ఉండండి'' అన్నారు టీచరమ్మ. మే నెలలో చెప్పిన మాటే. ఈసారి జర్మన్‌లో!

ప్రయాణానికి ముందు...

* షెంగెన్ వీసా దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో ముందే కనుక్కోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. 15 రోజులకన్నా ఆలస్యం చేయకూడదు.

* చదువు నిమిత్తం వెళ్లే పాఠశాల విద్యార్థులకూ, వెంట వెళ్లే టీచర్లకూ షెంగెన్ నిబంధనల ప్రకారం వీసా రుసుము ఉండదు. సేవాకేంద్రం వసూలుచేసే చార్జీలు వేరు.

* పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి. 12 ఏళ్లు నిండిన వాళ్లు వేలిముద్రలివ్వాలి. మైనర్లకు తల్లిదండ్రులిద్దరి అంగీకారపత్రం తప్పనిసరి.

* ప్రయాణ వైద్యబీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

* మాంసం, పాల పదార్థాలను ఐరోపా సమాఖ్యలోకి తీసుకెళ్లనివ్వరు. కాబట్టి కానుకగా పాలకోవా, నేతి మిఠాయిలు వద్దు.

* జర్మనీలో అంబులెన్సుకు 112, పోలీసులకు 110. మన దేశంలోనూ అత్యవసర నంబరు 112 కావడం కలిసొచ్చే సంగతి. పిల్లలచేత కంఠతా పట్టించాలి.

* విదేశీ అతిథి ఇంటికి వచ్చిన 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు తెలపాలి. సొంత ఇల్లయినా సరే!